మూత తీస్తే అరగంట

భావనారాయణ చీర చూసే పద్ధతి ఒకటుంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చీరను గుమ్మానికి అడ్డంగా పట్టుకుని, వెలుతురు బట్టలోంచి వచ్చేలా నెమ్మదిగా జరుపుకుంటూ పోతాడు. మంగళగిరిలో ముప్ఫై మగ్గాలకు నూలిచ్చి నేయించుకునే మనిషి. తన కన్ను తప్పించుకున్న గీత ఇంతవరకు పుట్టలేదని ఆయనే చెప్పుకుంటాడు, ఎవరూ అడగకపోయినా. ఆ మంగళవారం పొద్దున శ్రీదుర్గ నేసిన ఆకుపచ్చ చీర మీద మూడు మూరలు దాటకుండానే ఆయన వేలు ఆగింది.

"ఇక్కడ లేచావు," అన్నాడు.

చీర ఇంకాస్త జరిపాడు.

"ఇదిగో, మళ్ళీ ఇక్కడ. పప్పు పొంగినట్టుంది. ఇక్కడ పోపు మాడింది. అబ్బో, ఈ జానెడులో రెండుసార్లు! ఏం వండావమ్మాయ్ ఆ రోజు, బంధువులొచ్చారా?"

పక్క మగ్గం గుంటలో కూర్చున్న ఆమె మొగుడు వీరబాబు కిసుక్కున నవ్వాడు. భావనారాయణ మాటకన్నా ఆ నవ్వుకే ఆమెకు ఎక్కువ మండింది.

గీత సంగతి నేతగాళ్ళందరికీ తెలిసిందే. నేస్తూ నేస్తూ ఉన్నపాటున లేచిపోతే పడుగు బిగువులో ఉండిపోతుంది. తిరిగొచ్చి కూర్చుని, పోగును బిగించే పలకతో కొట్టే మొదటి దెబ్బ కాస్త తేడాగా పడుతుంది. అక్కడ తలవెంట్రుకంత సన్నటి గీత నిలిచిపోతుంది. లేచేముందు పక్క గుంజకు కట్టిన తాడు సడలించి, తాపీగా లేస్తే ఏ గీతా పడదు. మగవాళ్ళు టీకి లేచినా చుట్టకి లేచినా అలాగే లేస్తారు. అయితే పొయ్యి మీద పప్పు పొంగుతుంటే తాడు సడలించి తాపీగా లేచే ఆడది మంగళగిరిలో లేదు, ఇంకెక్కడా కూడా ఉండదు.

"నీ తప్పని కాదమ్మాయ్," భావనారాయణ చీర మడిచి నులకమంచం మీద పడేశాడు. "ఆడవాళ్ళ మగ్గం ఇంతే. మనసు పొయ్యి మీద, చెయ్యి పలక మీద. ఇది నాకొద్దు, నువ్వే కట్టుకో. ఇప్పుడు చెప్పేది వినండి ఇద్దరూ. తుళ్లూరు నుంచి ఆర్డరొచ్చింది. కవల పిల్లలు, ఇద్దరికీ ఒకే ముహూర్తానికి పెళ్ళి. ఒకే రంగు, ఒకే అంచు, రెండు చీరలు. పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలియకూడదు. మీ రెండు మగ్గాల మీదా ఒకే పడుగు ఉంది గనక మీకిస్తున్నా. సోమవారం పొద్దున వస్తా."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"దుర్గమ్మా, నీ దాంట్లో ఒక్క గీత కనపడ్డా ఆ పడుగు విప్పించి కోటి మగ్గానికి ఎక్కిస్తా. నువ్వు మళ్ళీ కండెలు చుట్టుకుందువుగాని."

కోటి పక్క వీధిలో ఖాళీ మగ్గం పెట్టుకుని కూర్చున్నవాడు. శ్రీదుర్గ తన మగ్గం వంక చూసుకుంది. మామగారు పోయాక మూలన బూజు పట్టిన ఆ మగ్గాన్ని తుడిచి, తాళ్ళు మార్చి, రెండేళ్ళుగా తనే కూర్చుంటోంది. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటేగాని ఆమెకు తెల్లవారినట్టుండదు. అది పోతే ఏమవుతుందో ఆలోచించడానిక్కూడా ఇష్టపడలేదు.

"నే వండుతాలేవే," అంది అత్తగారు వెంకాయమ్మ, కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుని. కంటి ఆపరేషనయి పది రోజులు కాలేదు. పొయ్యి సెగ తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

"మీరు కన్ను కాపాడుకోండి చాలు," అంది శ్రీదుర్గ. వీరబాబు వండుతాడేమోనన్న ఊహ ముగ్గురిలో ఎవరికీ రాలేదు, వీరబాబుకైతే అసలే రాలేదు.

బుధవారం ఆమె తాడేపల్లి వెళ్ళింది. అక్కడ అపార్టుమెంట్లో ఉండే భానుశ్రీ టీచరుకు రవికెల గుడ్డ ఇవ్వాలి. గుడ్డ ఇచ్చి మంచినీళ్ళు తాగుతుంటే, వంటగది మూలన పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ఒక గిన్నె కనపడింది. గాజు మూత, ముందు తిప్పే బిళ్ళ ఒకటి, వెనక వైరు.

"అదేంటండీ టీచరు గారూ?"

"స్లో కుక్కరండీ. మా తమ్ముడు పంపించాడు. పొద్దున పడేస్తే మధ్యాహ్నానికి ఉడుకుతుంది. అంతసేపు ఎవరాగుతారు? రెండుసార్లు వాడి పక్కన పెట్టేశా."

"మధ్యలో కలపక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"పొంగదా?"

"పొంగదు."

"మాడదా?"

"మాడమన్నా మాడదండీ. సన్నసెగ."

శ్రీదుర్గ గ్లాసు కింద పెట్టేసింది. పొంగని గిన్నె, మాడని గిన్నె, తనను పిలవని గిన్నె! గుండె దడదడా కొట్టుకుంటోంది. ఇంత చిన్న సంగతికి అంత దడేమిటని తనకే సిగ్గేసింది కానీ నోరు ఊరుకుంటేనా. "ఇంకో రెండు రవికెల గుడ్డలు నేసిస్తా, అది నాకిచ్చెయ్యండి," అంది. టీచరు నవ్వేసి, దాన్ని పాత దుప్పట్లో చుట్టి చేతికిచ్చింది. బస్సులో పక్కావిడ కాస్త జరగమంటే, ఒళ్ళో పెట్టుకుని జరిగింది గాని కింద పెట్టలేదు.

గురువారం పొద్దున ఆరింటికి కందిపప్పు, దోసకాయ ముక్కలు, చింతపండు, కారం, పొయ్యి మీద పోసేటన్ని నీళ్ళు అన్నీ ఒకేసారి వేసి బిళ్ళ తిప్పింది. అన్నం సంగతి రైస్ కుక్కరు చూసుకుంటుంది. మగ్గంలో కూర్చుని మొదటి పలక దెబ్బ కొట్టింది.

టకటక, టక. ఏడయింది. ఎనిమిదయింది. అలవాటు కొద్దీ కాళ్ళు రెండుసార్లు తొక్కుడు చెక్కల మీంచి లేవబోయాయి. లేవక్కర్లేదని గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళంతా తేలికైపోయింది. నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పోతోంది, అటు నుంచి ఇటు వస్తోంది, మధ్యలో ఎవరూ లేరు. రెండేళ్ళలో ఇంతసేపు వరసగా నేసిన పొద్దు ఒక్కటి కూడా లేదు. నీళ్ళు తాగాలనిపిస్తే తాడు సడలించి, రాణిలా లేచి, తాగొచ్చి కూర్చుంది. ఎక్కడా గీత లేదు. ఒక్కతే నవ్వుకుంది.

ఒంటిగంటకి మూత తీస్తే ఆ నవ్వు కాస్తా పోయింది. పైన నీళ్ళు, అడుగున పప్పు. పప్పు గింజలు నమిలితే పటపటమన్నాయి.

"ఓహో! మీ టీచరమ్మ పప్పు ఇంకా స్నానం చేస్తోంది," అన్నాడు వీరబాబు. ముగ్గురూ ఆవకాయతో తిన్నారు.

ఆమె టీచరుకు ఫోన్ చేసింది.

"పులుపు ముందే వేస్తే పప్పు బిర్రబిగుసుకుపోతుందండీ. చివర్లో వెయ్యాలి. నీళ్ళు సగం చాలు, దాంట్లోంచి ఆవిరి బయటికి పోదుగా. అది సరే, మూత ఎన్నిసార్లు తీశారు?"

"నేనసలు తియ్యలేదండీ."

"గుర్తుంచుకోండి. ఒక్కసారి మూత తీస్తే అరగంట వెనక్కి పోయినట్టే. లోపలి వేడంతా పోయి మళ్ళీ మొదటికొస్తుంది."

శ్రీదుర్గ ఫోన్ పెట్టి మొగుడి వంక చూసింది. వీరబాబు పైకప్పు వంక చూశాడు.

"ఎన్నిసార్లు?" అంది.

"ఏదో... చూశాలే. నాలుగైదుసార్లు. కరెంటు వస్తువు, ఇంటికి నిప్పంటుకుంటుందేమోనని."

"ఇకనుంచి నే కాపలా కూర్చుంటా," అంది వెంకాయమ్మ. ఆ గిన్నెను ఆమె నమ్మిందని కాదు. కొడుకు చెయ్యకూడని పని చేస్తూ దొరికిపోతే ఆవిడకు చిన్నప్పటినుంచీ సరదా. శుక్రవారం పొద్దున్నే రాట్నం తెచ్చి వంటగది గుమ్మంలో వేసుకుని, ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుంది.

శుక్రవారం సొరకాయ శనగపప్పు. నీళ్ళు సగం, పులుపు చివర్లో. పప్పు వెన్నలా ఉడికింది. అయితే వినుకొండ నుంచి వెంకాయమ్మ చెల్లెలు పంపిన కారం, పొయ్యి మీద వేసే కొలతే వేసింది శ్రీదుర్గ. ఏడు గంటలు మూతలో ఊరిన ఆ కారం ఒక్క ముద్దకే చెవుల్లోంచి ఆవిరి తెప్పించింది. వెంకాయమ్మ ఆపరేషన్ కన్నూ మామూలు కన్నూ రెండూ కారిపోయాయి. వీరబాబు చెంబెడు మజ్జిగ తాగి, "చంపేశావే," అంటూనే ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"బాగుందా?" అంది ఆమె.

"కారం."

"బాగుందా అని అడిగా."

"బాగుందిలే," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం కొలుచుకుంటే ఏడు మూరలు దాటింది. చీరను అరచేత్తో నిమిరింది. నున్నగా, చెరువు నీళ్ళలా పోయింది చెయ్యి. గీత లేదు. మళ్ళీ నిమిరింది. లేదు. లైటు దగ్గరకి తల వంచి చూసింది, లేదు. "అత్తయ్యా, చూడండి!" అని అరిచింది. కంటికి గుడ్డ కట్టుకున్న మనిషి ఏం చూస్తుందని కూడా ఆలోచించలేదు. వెంకాయమ్మ మాత్రం లేచొచ్చి, కళ్ళతో పని లేకుండా, బొటనవేలు గోరు బట్ట మీద పెట్టి అంచు నుంచి నేసిన బట్ట చుట్టుకునే దోనె దాకా లాగింది.

"మీ మామ ఇలాగే నేసేవాడు," అంది. అంతకు మించి ఆమె ఎప్పుడూ ఎవర్నీ మెచ్చుకోలేదు.

శనివారం మళ్ళీ దోసకాయ పప్పే పెట్టింది, పంతం కొద్దీ. కారం సగానికి తగ్గించి, చింతపండు రసం పన్నెండింటికి పోసి, ఒంటిగంటకి ఇంగువ పోపు పెట్టింది. గరిటె పెడితే గరిటె నిలబడింది. వెంకాయమ్మ రెండోసారి వడ్డించుకుని, "ఉప్పొక రవ్వ తక్కువ," అంది. ఏదో ఒకటి అనకపోతే అత్తగారెలా అవుతుంది?

ఇక ఆదివారం. తెల్లారకముందే వీరబాబు తనే వెళ్ళి కిలో వేటమాంసం తెచ్చాడు. "దీన్ని కూడా ఉడికిస్తుందేమో చూద్దాం," అన్నాడు, పందెం కాసినవాడిలా. శ్రీదుర్గ ఉల్లిపాయలు వేయించి, మాంసానికి అల్లం వెల్లుల్లి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, గిన్నెలో సర్ది, గుక్కెడు నీళ్ళు పోసి మూత పెట్టింది. గోంగూర విడిగా వేయించి పక్కన పెట్టుకుంది, అది పులుపు గనక చివర్లో కలపాలని. ఆ రోజుతో చీర పూర్తవ్వాలి. ఇంకా రెండున్నర మూరలే మిగిలింది.

పది దాటేసరికి వాసన మొదలైంది. పొయ్యి మీద వండితే వాసన గుప్పున వచ్చి పోతుంది. ఇది అలా కాదు. నెమ్మదిగా వంటగదిలోంచి బయల్దేరి, గుమ్మం దాటి, మగ్గాల గదిలోకొచ్చి కూర్చుంది. పదకొండింటికి పక్కింటివాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు. వీరబాబు నాడె విసురు తప్పింది. కాసేపాగి మళ్ళీ తప్పింది.

"మంచినీళ్ళు తాగొస్తా," అని ఉన్నపాటున లేచాడు.

"మూత జోలికి వెళ్ళకురోయ్!" అని వెంకాయమ్మ కేక.

"మంచినీళ్ళకే అమ్మా!"

వచ్చాడు, కూర్చున్నాడు, నాలుగు దెబ్బలు కొట్టాడు, మళ్ళీ లేచాడు. తల్లికి గుడ్డ కట్టిన కన్ను ఎడమవైపని, ఎడమవైపు నుంచి వెళ్తే కనపడదని అతను కనిపెట్టాడు. గాజు మూత ఆవిరితో మసకబారి ఉంటే, లోపల ఏం జరుగుతోందో తెలియక తట్టుకోలేకపోయాడు పాపం. మూత చప్పుడైనప్పుడల్లా వెంకాయమ్మ "ఒరేయ్!" అనేది. పన్నెండున్నరకి కావాల్సిన కూర ఒంటిగంటయింది, రెండయింది, చివరికి నాలుగయింది.

శ్రీదుర్గకు ఇవేవీ పట్టలేదు. ఆకలి తెలియలేదు. చివరి జానెడు, చివరి బెత్తెడు. పలక మీద చెయ్యి, చెక్కల మీద కాళ్ళు, కండెలోంచి జారే నూలు, అంతే ప్రపంచం. మూడింటికి ఆఖరి పోగు కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎంత సంతోషమేసిందంటే ఏడుపొచ్చింది. నాలుగింటికి తిన్న ఆ గోంగూర మాంసం ఎముక దగ్గర పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది. వీరబాబు తల ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక మాత్రం, "నాలుగైదు కాదే. ఇవాళ ఏడుసార్లు తీశా," అని ఒప్పుకున్నాడు.

సోమవారం పొద్దున భావనారాయణ రెండు చీరలూ అందుకుని, ఏది ఎవరిదని అడగకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. మొదటి చీర జరుపుకుంటూ పోయాడు. మూర, రెండు మూరలు, ఆరు, పది. వేలు ఎక్కడా ఆగలేదు. అంచు నుంచి కొంగు దాకా పోయి, మళ్ళీ కొంగు నుంచి వెనక్కి వచ్చాడు.

"శభాష్ రా వీరబాబూ," అన్నాడు. "ఇదీ చెయ్యంటే."

వీరబాబు కింద పడిన పోగు ఏరుకోవడానికి వంగాడు. శ్రీదుర్గ మగ్గం గుంజ పట్టుకుని నిలబడింది. తను చెప్పదలచుకోలేదు. చెప్పాల్సినవాడు పక్కనే ఉన్నాడు.

భావనారాయణ రెండో చీర తీశాడు. రెండు మూరలకే వేలు ఆగింది.

"చూశావా దుర్గమ్మా? ఇక్కడ లేచావు. ఇక్కడా. ఇదిగో, ఈ చివర చూడు! ఒకటి, రెండు, మూడు... ఏడుసార్లు! ఒక్క మూరన్నరలో ఏడుసార్లా? ఏం ఉడుకుతోందమ్మా అంత కొంప మునిగేట్టు?"

"వేటమాంసం," అంది గుమ్మంలోంచి వెంకాయమ్మ.

"అదే అంటున్నా అక్కా. అందుకే కోటికి ఇచ్చేస్తా..."

"మావయ్యా," అన్నాడు వీరబాబు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "అది నాది."

భావనారాయణ కళ్ళజోడు కిందికి జారింది.

"నాదే మావయ్యా. ఆ ఏడూ నేను లేచినవే. కూర వాసనకి ఆగలేక. తాడు సడలించే ఓపిక కూడా లేకపోయింది. మొదటి చీర దుర్గది. ఆ సన్నసెగ గిన్నె పుణ్యమా అని అది నాలుగు రోజులూ ఉన్నపాటున లేస్తే ఒట్టు."

భావనారాయణ చేతిలోని చీరను కాసేపు ఇటూ అటూ తిప్పాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. ఈసారి కళ్ళు చికిలించలేదు.

"ఏముందిలేరా," అన్నాడు చివరికి. "మరీ అంత లోతు గీతలు కావు. ఒక్క ఉతుకు పడితే పోగులు సర్దుకుంటాయి. కనపడనే కనపడవు."

వీరబాబు ఊపిరి వదిలాడు. శ్రీదుర్గ మాత్రం నేరుగా నులకమంచం దగ్గరికి వెళ్ళింది. మంగళవారం నుంచి అక్కడే మడతబెట్టి ఉన్న ఆకుపచ్చ చీర తీసుకొచ్చి, వీరబాబు చీర పక్కన పెట్టింది.

"అయితే రెండూ కలిపి ఉతికించండి బాబాయ్ గారూ," అంది. "సర్దుకుంటే రెండూ సర్దుకుంటాయి. లేకపోతే రెండూ సర్దుకోవు."

భావనారాయణ ఆకుపచ్చ చీర విప్పలేదు. మడత మీద చెయ్యి పెట్టాడు. ఎడమచేతి బొటనవేలు అంచు మీద అటూ ఇటూ తిరిగింది.

"మా ఆవిడ సుబ్బరావమ్మ కూడా నేసేది," అన్నాడు, ఎవరితోనూ కాదు. "పెళ్ళైన కొత్తలో. నేనే మగ్గంలోంచి లేపేశా."

ఆ మూడు చీరలూ ఒకే సంచిలో పెట్టుకున్నాడు. శ్రీదుర్గ మగ్గం మీది పడుగులో ఇంకా రెండు చీరల నిడివి ఉంది. దాన్ని విప్పించే మాట ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. గుంటలోకి దిగి కూర్చుంది.

వెళ్ళబోతూ ఆయన వంటగది ముందు ఆగాడు. గిన్నెలో ఏదో సన్నగా ఉడుకుతోంది. మునక్కాయ వాసన. "ఇదేనా ఆ మాయదారి సరుకు?" అంటూ వంగి, చటుక్కున మూత ఎత్తాడు.

"అయ్యో!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు.

ఆయన బిత్తరపోయి మూత వదిలేశాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా భావనారాయణా," అంది వెంకాయమ్మ. "అరగంట వెనక్కి పోయింది. తీసినవాడు కూర్చోవాల్సిందే, అది ఈ ఇంటి రూలు. కూర్చో, తిని పోదువుగాని."

మంగళగిరిలో ముప్ఫై మగ్గాలు నేయించే మనిషి నోరెత్తకుండా వంటగది గుమ్మంలో పీట మీద కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపలి గదిలో శ్రీదుర్గ పలక దెబ్బ మొదలైంది. టకటక, టక. ఆయన చెవి అటే పెట్టాడు. పది నిమిషాలయింది. పావుగంటయింది. ఎక్కడో ఒకచోట ఆగుతుందని, ఏదో ఒకదానికి లేస్తుందని, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ ఎదురుచూస్తూనే ఉన్నాడు.

అరగంట దాటింది. వెంకాయమ్మ కంచం పెట్టింది. మగ్గం ఆగలేదు.